ఆకర గ్రంథాల పెట్టె - కంప్యూటరు మారేటప్పుడు

పరిశోధన చేస్తున్న పిల్లలు ఈ మధ్య నన్ను పద్యానికి అన్వయం అడగడం తగ్గించారు. "సార్, పాత కంప్యూటరు మూలబడుతున్నది. జొటెరోలో ఎక్కించుకున్న పుస్తకాల పట్టికనంతా కొత్తదానిలోకి ఎట్లా తెచ్చుకోవాలి?" అని అడుగుతున్నారు. పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి ఇది అడగవలసిన కాలం వచ్చినందుకు నాకు లోలోపల సంతోషంగానే ఉన్నది. అయితే నా దగ్గరికి వచ్చేలోపే వారికి ఎవరో ఒకరు సలహా చెప్పి ఉంటారు: "ఎగుమతి చేసి, అక్కడ దిగుమతి చేసుకో, అంతే." ఆ సలహా సరికాదని నా అభిప్రాయం. ఇంగ్లీషులో పనిచేసేవారికి దానివల్ల కలిగేది అసౌకర్యం. తెలుగులో పనిచేసేవారికి కలిగేది నష్టం, అందులో కొంత ఎప్పటికీ పూడ్చుకోలేని నష్టం.

ఈ సాఫ్టువేర్లతో పరిచయం లేని మిత్రుల కోసం రెండు మాటలు. మా పండిత శిక్షణ రోజుల్లో చదివిన ప్రతి పుస్తకానికీ ఒక అట్టముక్క రాసుకునేవాళ్లం. కర్త, గ్రంథనామం, ముద్రణ, ప్రకాశకులు, సంవత్సరం, ఏ పుటలో ఏమున్నది. వాటిని చెప్పుల పెట్టెల్లో అకారాది క్రమంలో పేర్చుకునేవాళ్లం. ఆ అట్టముక్కల పనినే కంప్యూటరులో చేసిపెట్టేవి ఇవి. వ్యాసం రాస్తూ ఉండగా కావలసిన పుస్తకాన్ని ఎంచుకుంటే పాదసూచికను తామే రాస్తాయి. చివర ఉపయుక్త గ్రంథసూచిని తామే పేరుస్తాయి. బిబ్‌టెక్ 1985 నాటిది. ఎండ్‌నోట్ 1980ల చివరి నుంచి ఉన్నది, వెల పెట్టి కొనుక్కోవాలి. జొటెరోను అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో చరిత్రకారులు 2006లో విడుదల చేశారు, అది ఉచితం. మన విద్యార్థుల దగ్గర నేను ఎక్కువగా చూస్తున్నది దీనినే కనుక ముఖ్యంగా దాని సంగతే చెబుతాను.

జొటెరో తన సంపదనంతా ఒకే ఫోల్డరులో దాచుకుంటుంది. ఆ ఫోల్డరు పేరు కూడా జొటెరోయే. మామూలుగా వాడుకరి సొంత ఫోల్డరులో ఉంటుంది. (2017లో ఐదవ వెర్షను రాకముందు ఫైర్‌ఫాక్సు లోపలి అరల్లో ఎక్కడో ఉండేది. బాగా పాత యంత్రాలను తెరిచేవారు అక్కడ వెదకాలి.) అందులో 'జొటెరో.ఎస్‌క్యూలైట్' అనే ఫైలు ఒకటి, 'స్టోరేజ్' అనే లోపలి ఫోల్డరు ఒకటి ముఖ్యమైనవి. మొదటిది పట్టిక. రెండవదానిలో మనం జతచేసుకున్న పీడీఎఫ్‌లు, పుటల ఛాయాచిత్రాలు ఉంటాయి. ఈ స్టోరేజ్‌ను మొదటిసారి తెరిచినవారు బెదిరిపోతారు. లోపల అర్థంపర్థం లేని ఎనిమిదేసి అక్షరాలు, అంకెల పేర్లతో వందల కొద్దీ చిన్న ఫోల్డర్లు! చెత్త అనుకొని తుడిచివేయబోయిన వారిని నేను చూశాను. ఆ ఎనిమిదక్షరాలే అసలు కీలకం. ప్రతి పుస్తకానికీ, దానికింద రాసుకున్న ప్రతి నోటుకూ, జతచేసిన ప్రతి పత్రానికీ అట్లాంటి గుర్తు ఒకటి ఉంటుంది. ఏ ఛాయాచిత్రం ఏ గ్రంథానిదో, మన సిద్ధాంత వ్యాసంలోని ఏ పాదసూచిక ఏ పుస్తకాన్ని చూపుతున్నదో చెప్పేది ఆ గుర్తే.

ఎగుమతి చేసినప్పుడు పుస్తకాల వివరాలు వెళ్తాయి, ఈ గుర్తులు వెళ్లవు. దిగుమతి చేసుకున్న చోట ప్రతి పుస్తకమూ కొత్తగా పుట్టినట్టే లెక్క. కొత్త గుర్తు వస్తుంది. అప్పటికే రాసిన అధ్యాయాలు ఇంకా పాత గుర్తునే పట్టుకొని ఉంటాయి. పైకి ఏమీ తేడా కనబడదు, ఎందుకంటే ఆ పుస్తకం వివరాలు ఒక నకలుగా అధ్యాయంలో కూడా దాగి ఉంటాయి. కొన్ని నెలల తర్వాత పట్టికలో ప్రకాశకుల పేరు దిద్దితే పాదసూచికలో అది మారదు. అదే గ్రంథాన్ని కొత్త అధ్యాయంలో మళ్లీ పేర్కొంటే సాఫ్టువేరు దానిని వేరొక గ్రంథమనుకుంటుంది. గ్రంథసూచిలో ఒకే పుస్తకం రెండుసార్లు కనబడుతుంది. కర్త, సంవత్సరం చూపే శైలిలోనైతే ఒకటి 1934ఎ, మరొకటి 1934బి అవుతుంది. సమర్పణకు వారం ముందు ఇది బయటపడ్డ విద్యార్థి ముఖం ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇక బిబ్‌టెక్ రూపంలో ఎగుమతి చేస్తే మనం విషయాలవారీగా చేసుకున్న అరల విభజన కూడా పోతుంది. నోట్లు, జతపత్రాలు కావాలని ప్రత్యేకంగా గడిలో టిక్కు పెట్టకపోతే అవీ రావు. ఏ పుస్తకాన్ని ఏనాడు చేర్చుకున్నామో ఆ తేదీలు సైతం చెరిగిపోయి, ఇరవై ఏళ్ల చదువంతా ఒకే రోజున జరిగినట్టు కనబడుతుంది.

"పోతే పోయింది, మళ్లీ దింపుకోవచ్చు కదా" అని ఒక యువ మిత్రుడు నాతో అన్నాడు. ఆయన చదివేది యంత్రశాస్త్రం. ఆయనకు నిజంగానే అది చెల్లుతుంది. ఇంగ్లీషు పరిశోధన పత్రానికి డీఓఐ అనే సంఖ్య ఉంటుంది. పుస్తకానికి ఐఎస్‌బీఎన్ ఉంటుంది. ఆ సంఖ్యను జొటెరోలో వేసి మీట నొక్కితే కర్త మొదలు పుటల సంఖ్య వరకు అన్నీ వచ్చి కూర్చుంటాయి. పట్టిక మొత్తం పోయినా నాలుగు సాయంత్రాలు కష్టపడితే తిరిగి నిలబెట్టుకోవచ్చు. మన సంగతి అట్లా కాదు. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిందే 1970లో. డీఓఐలు 2000 నుంచి వాడుకలోకి వచ్చాయి. 1934 నాటి గోలకొండ కవుల సంచిక తొలి ముద్రణకు గానీ, లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో వెలువరించిన తెలంగాణా శాసనములకు గానీ ఏ సంఖ్య వేసి మీట నొక్కుతాం? మా మట్టెవాడలోని శబ్దానుశాసనాంధ్ర భాషానిలయంలోనో, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయంలోనో కూర్చుని, ముఖపత్రం చూసి, ఒక్కొక్క అక్షరం మన చేత్తోనే ఎక్కించుకోవాలి. (మా ఊరి పెద్దలు ఒక నిలయానికి నన్నయ బిరుదును, మరొకదానికి ఆయనను పోషించిన రాజు పేరును పెట్టుకున్నారు. ఆ ముచ్చట మరొకసారి.) అట్లా ఎక్కించిన వివరానికి ప్రపంచంలో మరొక నకలు ఉండదు. పోయిందంటే పోయినట్టే.

ఆ ఎక్కించడంలో ఎంత విచక్షణ ఉన్నదో కూడా చెప్పాలి. కర్త పేరు దగ్గరే మొదలవుతుంది చిక్కు. ఈ సాఫ్టువేర్లు పాశ్చాత్యుల పేర్ల కోసం పుట్టినవి: పేరు ముందు, ఇంటిపేరు వెనుక. మనది తారుమారు. కామా లేకుండా "విశ్వనాథ సత్యనారాయణ" అని రాస్తే బిబ్‌టెక్ సంప్రదాయంలో చివరి మాటయే ఇంటిపేరవుతుంది, విశ్వనాథవారు 'స'కారం కిందికి వెళ్లి కూర్చుంటారు. నన్నయకు, పోతనకు రెండు గదులు అక్కరలేదు, ఒకే గది పెట్టె ఎంచుకోవాలి. సి. నారాయణరెడ్డి, సింగిరెడ్డి నారాయణరెడ్డి ఒకరేనని యంత్రానికి తెలియదు, మనం కలపాలి. సంవత్సరం దగ్గర మరొకటి. పాత పుస్తకాల మీద 'రక్తాక్షి' అని మాత్రమే ఉంటుంది. అది 1924-25 కావచ్చు, అరవై ఏళ్ల తర్వాతి 1984-85 కావచ్చు. కాగితం చూసి, అచ్చు చూసి, పీఠికలో ఎవరి ప్రస్తావన ఉన్నదో చూసి తేల్చుకోవాలి. తేల్చుకున్న కారణాన్ని నోటులో రాసుకోవాలి. ఆ నోటు విలువ పుస్తకం వివరాలకంటె తక్కువేమీ కాదు.

లిపి సంగతి క్లుప్తంగా. యూనికోడులో తెలుగు 1991లోనే చేరినా మనవారు చాలాకాలం డీటీపీ ఫాంట్లలోనే పట్టికలు రాసుకున్నారు. ఆ ఫాంటు లేని కొత్త యంత్రంలో అవి రోమను అక్షరాల పిచ్చిగీతలుగా కనబడతాయి. అట్లాంటివి ఉంటే ముందు పాత యంత్రంలోనే యూనికోడుకు మార్చి, సరిచూసి, ఆ తర్వాతే తరలించాలి. సరిచూడడం తప్పదు. మార్పిడిలో ఒత్తులు ఎగిరిపోవడం మనకు కొత్త కాదు.

ఇదంతా పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. మరొక పాఠశాలలో పండితుడుగా పనిచేసిన మిత్రుడొకరు ఓరుగల్లు ప్రాంతపు కవుల మీద, శాసనాల మీద ఇరవై ఏళ్లు ఆకరాలు సేకరించారు. మొదట అట్టముక్కల మీద, తర్వాత జొటెరోలో. ఆయన పోయారు. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పుస్తకాలను ఒక గ్రంథాలయానికి ఇచ్చారు, అది మంచి పని. కంప్యూటరును మాత్రం కబాడీకి వేయబోయారు. "అందులోని నాన్నగారి పుస్తకాల పట్టికను దుకాణంలో పెన్‌డ్రైవులోకి తీయించి పెట్టుకున్నాం మాష్టారూ, భద్రంగా ఉన్నది" అని పెద్దబ్బాయి ఫోనులో చెప్పాడు. ఆ పెన్‌డ్రైవు తెరిచి చూశాను. ఒకే ఒక బిబ్‌టెక్ ఫైలు. పదహారు వందల పైచిలుకు గ్రంథాలు, వ్యాసాలు అందులో ఉన్నాయి. కర్తలున్నారు, శీర్షికలున్నాయి, సంవత్సరాలున్నాయి. ఆయన మాత్రం లేడు. ఒక్క నోటు లేదు, ఒక్క ఛాయాచిత్రం లేదు. "యంత్రాన్ని రెండు రోజులు ఆపు నాయనా" అని బతిమాలుకున్నాను. ఆ అబ్బాయి మంచివాడు, ఆపాడు.

యంత్రంలోని ఫోల్డరును యథాతథంగా బయటి డిస్కులోకి ఎత్తి, నా దగ్గర తెరిచాను. అప్పుడు కనబడ్డాడు మా మిత్రుడు. ఒక శతకం కింద ఆయన నోటు: ఈ ప్రతిలో 112వ పుట చిరిగిపోయింది, భాషానిలయం ప్రతిలో ఉన్నది, చిత్రం జతచేశాను. ఒక శాసనం కింద, అచ్చయిన పాఠంలో ఒక అక్షరం మీద సందేహం, రాయి దగ్గరికి స్వయంగా పోయి చూసిన తేదీ. మరొక కవి విషయంలో, ఇంటిపేరు రెండు విధాలుగా ఎందుకు కనబడుతున్నదో నాలుగు వాక్యాల చర్చ. ఇటువంటివి ఏ గ్రంథాలయపు పట్టికలోనూ దొరకవు. ఆయన రాస్తూ ఆపిన పుస్తకపు అధ్యాయాలు కూడా ఆ యంత్రంలోనే ఉన్నాయి. వాటిని తెరిస్తే పాదసూచికలన్నీ పట్టికతో సజీవంగా ముడిపడి ఉన్నాయి. పెన్‌డ్రైవులోని ఫైలును నమ్ముకొని యంత్రాన్ని తూకానికి వేసి ఉంటే, ఆ అధ్యాయాలు మిగిలినా వాటి వెనుక ఉన్న వాదం మిగిలేది కాదు.

కాబట్టి చేయవలసిన పద్ధతి ఇది. కష్టమైనదేమీ కాదు. రెండు యంత్రాలలోనూ జొటెరోను మూసివేయాలి. తెరిచి ఉండగా నకలు తీస్తే పట్టిక ఫైలు సగం రాసిన స్థితిలో రావచ్చు. పాత యంత్రంలో సెట్టింగుల 'అడ్వాన్స్‌డ్' భాగంలో 'షో డేటా డైరెక్టరీ' అనే మీట ఉంటుంది. అది నొక్కితే ఫోల్డరు ఎక్కడున్నదో చూపిస్తుంది. చూసుకున్నాక మళ్లీ మూసివేసి, ఆ ఫోల్డరు మొత్తాన్ని, ఏదీ ఏరకుండా, ఏదీ పేరు మార్చకుండా బయటి డిస్కులోకి ఎత్తాలి. కొత్త యంత్రంలో జొటెరోను ఒకసారి తెరిచి ఉంటే అక్కడ ఖాళీ ఫోల్డరు ఒకటి పుట్టి ఉంటుంది. దానిని తీసి, మనదానిని ఆ స్థానంలో పెట్టాలి. అంతే. కొత్త వెర్షను పాత పట్టికను తన పద్ధతికి మార్చుకుంటుంది. మారిన పట్టికను పాత వెర్షను మళ్లీ తెరవలేదు. అందుకని డిస్కులోని నకలును ముట్టకుండా అట్లాగే ఉంచాలి.

ఒక మెలిక ఉన్నది. కొందరు పీడీఎఫ్‌లను జొటెరో లోపలికి తేకుండా, 'నా పుస్తకాలు' అని వేరే చోట పెట్టుకొని, ఆ చోటికి లంకె మాత్రం వేసుకుంటారు. లంకె వేసిన ఫైళ్లు ఈ ఫోల్డరుతో రావు. వాటిని విడిగా ఎత్తుకోవాలి. కొత్త యంత్రంలో ఆధార ఫోల్డరు ఎక్కడో సెట్టింగులలో చెప్పాలి. పట్టికలో లంకె గుర్తు ఉన్న జతపత్రాలు ఎన్ని ఉన్నాయో పాత యంత్రం చేతిలో ఉండగానే చూసుకోవడం మంచిది.

సమకాలీకరణ ఉండగా ఈ మోతబరువంతా ఎందుకని అడిగేవారున్నారు. జొటెరో ఖాతా తెరిస్తే పట్టిక వివరాలు, నోట్లు వారి సర్వరుకు చేరి, కొత్త యంత్రంలో లాగిన్ కాగానే వస్తాయి. గుర్తులు కూడా చెడవు. మంచి సౌకర్యమే, నేనూ వాడతాను. అయితే జతపత్రాలకు ఉచితంగా ఇచ్చే చోటు 300 మెగాబైట్లు. మన పాత పుస్తకాల స్కానులు ఎంత బరువుంటాయో మీకు తెలుసు. పది గ్రంథాలకే నిండిపోతుంది. పైగా ఇక్కడ పొరపాటున తుడిచినది అక్కడా తుడుచుకుపోతుంది. అన్నిటికంటె ముఖ్యం, ఖాతా ఉన్నది సంకేతపదం తెలిసినవారికే. మా మిత్రుడి సంకేతపదం ఆయనతోనే పోయింది. ఫోల్డరుకు సంకేతపదం అక్కరలేదు. ఇంకొందరు తెలివిగా ఆ ఫోల్డరునే గూగుల్ డ్రైవులోనో డ్రాప్‌బాక్సులోనో పెడుతున్నారు. అది అసలే చేయకూడదు. ఇటు జొటెరో రాస్తుండగా అటు అది నకలు తీస్తుంటే పట్టిక పాడవుతుందని జొటెరోవారే హెచ్చరిస్తున్నారు.

మిగతా సాఫ్టువేర్ల విషయానికి వస్తే, ఎండ్‌నోట్‌లో '.ఈఎన్‌ఎల్' ఫైలుతోపాటు అదే పేరుతో 'డేటా' ఫోల్డరు ఒకటి ఉంటుంది. రెండూ కలిసే ప్రయాణించాలి. ఒకటి లేకుంటే రెండవది కుంటిది. జాబ్‌రెఫ్‌లో పట్టిక మామూలు పాఠ్య ఫైలు, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మెండలీని ఎల్సెవియర్ సంస్థ 2013లో కొన్నది. 2018లో దాని పట్టిక ఫైలును సంకేతీకరించి తాళం వేశారు. వాడుకరులు తమ సొంత పట్టికను నేరుగా మరొక సాఫ్టువేరులోకి తీసుకుపోలేకపోయారు, తర్వాత వేరే దారి వెదకవలసి వచ్చింది. 2022 సెప్టెంబరు నుంచి ఆ పాత డెస్క్‌టాప్ సాఫ్టువేరును దింపుకునే వీలే లేకుండా పోయింది. అంతకుముందు 2008లో ఎండ్‌నోట్ యజమానులైన థామ్సన్ రాయిటర్స్, తమ శైలి ఫైళ్లను జొటెరో చదువుతున్నదని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం మీద దావా వేశారు. 2009లో న్యాయస్థానం దానిని కొట్టివేసింది. నా చేత్తో రాసుకున్న అట్టముక్కలను నేను ఏ పెట్టెలో పెట్టుకోవాలో పెట్టె అమ్మినవాడు శాసించడం ఏమి న్యాయం? విద్యార్థులకు నేను జొటెరోనో జాబ్‌రెఫ్‌నో చెప్పడానికి ఉచితం కావడం ఒక్కటే కారణం కాదు.

మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల గురించి ఒక మాట అనక తప్పదు. పిహెచ్.డి. చేరిన తొలి ఏడాది పరిశోధన పద్ధతుల పాఠం ఉంటుంది. అందులో పాదసూచిక ఎట్లా రాయాలో, కామా ఎక్కడ పెట్టాలో చెబుతారు. ఆకరాలను ఎట్లా భద్రపరచాలో, యంత్రం మారితే ఎట్లా మోసుకుపోవాలో చెప్పే చోటు నాకు కనబడలేదు. ఒక్క గంట పాఠం చాలు. సిద్ధాంత వ్యాసం పూర్తయ్యాక దాని పీడీఎఫ్ శోధగంగకు చేరుతుంది. దాని వెనుక అయిదారేళ్లు పోగుచేసిన ఆకరాల పెట్టె మాత్రం విద్యార్థి ల్యాప్‌టాప్‌తోపాటు ముసలిదైపోతుంది. వ్యాసంతోపాటు ఆ ఫోల్డరును కూడా ఒక డిస్కులో తీసుకొని శాఖ గ్రంథాలయంలో ఉంచుకుంటే, అదే కవి మీద పదేళ్ల తర్వాత పనిచేసే మరొకరు ముఖపత్రాలు మళ్లీ మొదటినుంచి ఎక్కించుకునే అవసరం తప్పుతుంది. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో పరమపదించేనాటికి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అకారం దాటలేదు. అంతటివారి పెట్టె ఒకటి చెక్కుచెదరకుండా మనకు చేతికందితే ఎట్లా ఉండేదోనని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరికీ పుస్తకాలు మోసుకుపోయి అందించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుట్టిన నేలలో, అరచేతిలో పట్టే డిస్కును మోయడం బరువు కాకూడదు.

మిత్రుడి పెట్టె ఇప్పుడు మూడు డిస్కులలో ఉన్నది: ఒకటి నా దగ్గర, ఒకటి వారి పెద్దబ్బాయి దగ్గర, ఒకటి ఆయన శిష్యురాలి దగ్గర. ఆమె ఆ అధ్యాయాలను పూర్తి చేస్తానన్నది. జతపత్రాలలో నలభైకి పైగా ఛాయాచిత్రాలు ఏ గ్రంథానికీ ముడిపడకుండా విడిగా ఉన్నాయి. ఎక్కువ భాగం పాత పత్రికల పుటలు, శీర్షిక కత్తిరింపులో పోయింది. రోజుకొకటి చొప్పున ఇక్కడ పెడతాను. అచ్చు చూసి పత్రికను గుర్తుపట్టగలవారు మీలో ఉన్నారని నాకు తెలుసు. సంవత్సరం కూడా చెప్పగలిగితే, ఎట్లా తేల్చారో దయచేసి ఒక వాక్యం రాయండి. ఆయన ఉండి ఉంటే అది అడిగేవాడు.